ఒంటరిగా వేగంగానే తొక్కుతున్నాను, గుంపు రేసులో మాత్రం ప్రతిసారీ వెనకబడిపోతున్నాను: లోపం ఎక్కడుంది?

ప్రశ్న – కరకట్ట సైకిలు (విజయవాడ)

పెద్దలందరికీ నమస్కారం. నాకు 17 ఏళ్ళు. విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. రెండేళ్ళుగా రోడ్డు సైకిలు తొక్కుతున్నాను, ఈ ఏడాది మూడు పోటీలలో పాల్గొన్నాను. వాటిలో ఒకటి టైమ్ ట్రయల్, మిగిలిన రెండూ అందరూ ఒకేసారి బయలుదేరే మాస్ స్టార్ట్ రేసులు.

రోజూ తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరి, ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం దగ్గర కుడివైపు తిరిగి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని వెళ్ళి వస్తుంటాను. ఏడింటికల్లా ఇంటికి చేరాలన్నది అమ్మ పెట్టిన షరతు కాబట్టి మామూలు రోజుల్లో 40 కిలోమీటర్లు మించదు, ఆదివారం మాత్రం 80 దాకా తొక్కుతాను. ఇదంతా ఒంటరిగానే. నాతో కలిసి తొక్కేవాళ్ళు మా వీధిలో గానీ కాలేజీలో గానీ ఎవరూ లేరు.

టైమ్ ట్రయల్‌లో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో వదిలారు. 20 కిలోమీటర్లను 32 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేసి నా వయసు విభాగంలో నాలుగో స్థానంలో నిలిచాను. నాకంటే ముందు బయలుదేరిన ఇద్దరిని దారిలోనే దాటాను.

ఆ ధైర్యంతో మాస్ స్టార్ట్‌కు వెళ్ళాను. దూరం 40 కిలోమీటర్లు. ఐదు కిలోమీటర్లు పోయి, డివైడర్ చివర యూటర్న్ తీసుకుని, మళ్ళీ ఐదు కిలోమీటర్లు తిరిగి రావాలి. అలా నాలుగు ల్యాపులు, మొత్తం ఏడు యూటర్నులు. తొలిసారి కదా, ఎవరికీ అడ్డం పడకూడదని గుంపు చివరన ఉండిపోయాను. తిన్నని దారిలో ఆయాసమే రాలేదు. మీటరు చూస్తే వేగం 40 దాటి ఉంది. ఒంటరిగానైతే ఆ వేగాన్ని ఐదు నిమిషాలు కూడా నిలపలేను. ఇంత సులువుగా ఉంటుందా అని ఆశ్చర్యపోయాను. మొదటి యూటర్న్ దగ్గరికి వచ్చేసరికి ముందున్నవాళ్ళు తిరిగిపోయారు గానీ, మేము చివర ఉన్నవాళ్ళం దాదాపు కాలు కిందపెట్టే పరిస్థితి వచ్చింది. నేను మలుపు తిరిగి తల ఎత్తేసరికి గుంపు యాభై మీటర్ల అవతల ఉంది. ప్రాణం పెట్టి తొక్కి అందుకున్నాను. రెండో యూటర్న్ దగ్గరా అంతే, మూడో దాని దగ్గరా అంతే. ఐదో యూటర్న్ దాటాక లేచి తొక్కబోతే కాళ్ళు కదలలేదు. మిగిలిన 15 కిలోమీటర్లూ ఒంటరిగా తొక్కి, గుంపు చేరిన నాలుగు నిమిషాలకు గమ్యం చేరాను.

చివర ఉండడమే తప్పు అనుకుని రెండో పోటీలో మొదటి నుంచీ ముందే ఉన్నాను. ఎదురుగాలి వీస్తున్నా ముందుకు వచ్చి లాగడానికి, అంటే గాలిని మోస్తూ గుంపుకు ముందు తొక్కడానికి, ఎవరూ సిద్ధపడలేదు. మొదటి ల్యాపంతా దాదాపు నేనే లాగాను. రెండో ల్యాపులో ఒకతను ఒక్కసారిగా వేగం పెంచి దూకగానే గుంపంతా నన్ను దాటుకుని పోయింది, నేను చూస్తూ ఉండిపోయాను.

నా కాళ్ళలో బలం చాలదా, లేక తొక్కే పద్ధతిలోనే లోపం ఉందా? ఒంటరిగా నాకంటే నెమ్మదిగా తొక్కేవాళ్ళు ఆ గుంపులో చివరిదాకా ఎలా నిలిచారో నాకు అర్థం కావడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 – పాత చక్రం (గుంటూరు)

తమ్ముడూ, 20 కిలోమీటర్లను దాదాపు 37 సగటుతో తొక్కిన కాళ్ళలో బలం లేదనడానికి వీల్లేదు. నేను నీ వయసు నుంచి ఏడేళ్ళపాటు పోటీలలో తొక్కాను. నువ్వు రాసిన రెండు ఓటములూ నాకు అదే వరుసలో ఎదురయ్యాయి: మొదట భయంతో చివర ఉండి ఓడిపోయాను, తర్వాత పౌరుషంతో ముందు ఉండి ఓడిపోయాను.

టైమ్ ట్రయల్, మాస్ స్టార్ట్ పేరుకు రెండూ సైకిలు పందేలే అయినా, ఒకదానిలో నేర్చుకున్నది రెండోదానిలో సగమే పనికివస్తుంది. నువ్వు ఎంపీసీ విద్యార్థివి కాబట్టి లెక్కతోనే చెబుతాను. గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే వేగాన్ని 30 నుంచి 40కి పెంచితే గాలికి చెల్లించవలసిన శక్తి దాదాపు 2.4 రెట్లవుతుంది. ఒక్కరి వెనక చక్రానికి దగ్గరగా అంటిపెట్టుకుని తొక్కినా (దీన్నే చక్రం పట్టడం అంటాము) ఆ భారం చాలావరకు తగ్గుతుంది. గుంపు మధ్యలోనైతే మరీ తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెర్ట్ బ్లోకెన్, 121 మంది సైక్లిస్టులున్న గుంపు మీద గాలి ప్రభావాన్ని పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. గుంపు లోపల బాగా మధ్యలో ఉన్నవాడి మీద పడే గాలి నిరోధం, అదే వేగంతో ఒంటరిగా పోయేవాడి మీద పడేదానిలో 5 నుంచి 10 శాతమే ఉంటుందని అందులో తేలింది. మన పోటీలలో అంత పెద్ద గుంపు ఉండదు కాబట్టి అంత లాభమూ ఉండదు. అయినా నీకు 40 దగ్గర ఆయాసం రాకపోవడానికీ, నీకంటే నెమ్మదిగా తొక్కేవాళ్ళు చివరిదాకా నిలవడానికీ కారణం ఇదే. నువ్వు ఒక ల్యాపంతా గాలిని మోశావు, వాళ్ళు నీ వెనక దాక్కుని కాళ్ళలో శక్తి దాచుకున్నారు. దాన్ని మోసం అనుకోకు, ఈ ఆటే అది.

ఇక యూటర్న్ సంగతి. మొదటి ఐదారుగురు మలుపును తమకు నచ్చిన దారిలో, తమకు నచ్చిన వేగంతో తిరుగుతారు. వాళ్ళ వెనకవాడు కొంచెం బ్రేకు వేస్తాడు, వాడి వెనకవాడు ఇంకొంచెం వేస్తాడు, అలా చివరివాడి దాకా వచ్చేసరికి సైకిలు ఆగిపోతుంది. ముందువాళ్ళు 20 నుంచి 40కి ఎక్కితే చివరివాళ్ళు సున్నా నుంచి 45కి ఎక్కాలి, ఎందుకంటే ఖాళీ కూడా పూడ్చుకోవాలి కదా. టోల్‌గేటు దగ్గర వాహనాల వరుస ఎలా సాగుతుందో, ఎలా ముడుచుకుంటుందో నువ్వు చూసే ఉంటావు. చివర ఉన్నందుకు నువ్వు ఐదు స్ప్రింట్లు వృథాగా చేశావు.

కాబట్టి మలుపుకు అర కిలోమీటరు ముందే, గుంపు ఇంకా నింపాదిగా ఉన్నప్పుడే, పక్క నుంచి జరుగుతూ మొదటి పదిమందిలోకి చేరాలి. మొదటివాడివి కావద్దు, ఐదో స్థానం నుంచి పదో స్థానం దాకా ఎక్కడున్నా మంచిదే. అక్కడ నిలబడడానికి శ్రమ పడాలి, ఎందుకంటే పక్కల నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, నువ్వు కదలకుండా ఉంటే పది స్థానాలు వెనక్కి జారిపోతావు. నీ వంతు వచ్చి ముందు పడితే అర నిమిషం లాగి, మోచేయి కదిపి సైగ చేసి, గాలి వచ్చే వైపుకు తప్పుకో. వెనకవాడు ముందుకు రాకపోతే నువ్వే వేగం తగ్గించు. అతను కూడా గెలవాలనే వచ్చాడు, గుంపు నెమ్మదిస్తే అతనికీ నష్టమే.

గేరు గురించి నువ్వు ఏమీ రాయలేదు గానీ, తిన్నని దారిలో ఉన్న గేరుతోనే మలుపు తిరిగి ఉంటావని అనుమానిస్తున్నాను. ముందు 50 పళ్ళు, వెనక 13 పళ్ళు ఉన్న గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 8 మీటర్లు పోతుంది. గంటకు 15 వేగంతో మలుపు నుంచి బయటపడ్డప్పుడు కాళ్ళు నిమిషానికి 31 చుట్లు మాత్రమే తిరుగుతాయి. అది తొక్కడం కాదు, బండరాయిని నెట్టడం. వెనక 21 పళ్ళకు మార్చుకుంటే అదే వేగం దగ్గర 50 చుట్లు తిరుగుతాయి. ఆ మార్పు బ్రేకు పట్టకముందే, పెడలు తిరుగుతుండగానే జరగాలి, లేకపోతే చైన్ జారుతుంది. మన దేశంలో యూటర్న్ ఎప్పుడూ కుడివైపే కాబట్టి కుడి పెడలు పైకి, ఎడమ పెడలు కిందకు పెట్టి, బరువంతా ఎడమ కాలి మీద వేసి, చూపును డివైడర్ మీద కాకుండా మలుపు దాటాక పోవలసిన దారి మీద నిలుపు.

జవాబు 2 – బ్రాడీపేట (గుంటూరు)

బాబూ, మా అబ్బాయి కూడా అండర్-16లో తొక్కుతున్నాడు కాబట్టి ఒక తల్లిగా అడుగుతున్నాను. పోటీ రోజు ఉదయం ఏం తిని వెళ్ళావు? మావాడు ఖాళీ కడుపుతో వెళ్ళి సగంలో కళ్ళు తిరుగుతున్నాయని దిగిపోయాడు. ఇప్పుడు పోటీకి రెండున్నర గంటల ముందు నాలుగు ఇడ్లీలు తినిపించి, బయలుదేరే ముందు ఒక అరటిపండు ఇస్తున్నాను. సీసాలో నీళ్ళతో ఉప్పు, పంచదార, నిమ్మరసం కలుపుతున్నాను. మన ఎండలకు ఒట్టి మంచినీళ్ళు చాలవు.

జవాబు 3 – పాత చక్రం (గుంటూరు)

అమ్మా, మీరు చెప్పిన ఆహారం సరైనదే, తమ్ముడు తప్పకుండా పాటించాలి. అయితే గంట, గంటంబావులో ముగిసే 40 కిలోమీటర్ల పోటీకి, ముందు రోజు సరిగా తిన్న కుర్రాడి కండరాలలో నిల్వ ఉన్న శక్తి సరిపోతుంది. ఇతను ఐదో యూటర్న్ దగ్గర ఆగిపోయింది ఆకలి వల్ల కాదని నా అభిప్రాయం.

జవాబు 4 – గుంటూరు గేరు

తమ్ముడూ, నేను మహిళల విభాగంలో నాలుగేళ్ళుగా తొక్కుతున్నాను. అన్నగారు చెప్పినవన్నీ నిజమే, కానీ ఒక మాట మిగిలిపోయింది. మొదటి పదిమందిలో ఉండాలంటే ఇరుపక్కలా భుజాలు తగులుతుండగా, ముందు చక్రానికి జానెడు, మూరెడు ఎడంలో తొక్కాలి. ఎప్పుడూ ఒంటరిగా తొక్కినవాళ్ళకు అక్కడ భయం వేస్తుంది. భయం వేయగానే తెలియకుండానే ఒక సైకిలు దూరం వదులుతాము, ఆ ఖాళీలోకి ఇంకొకరు దూరతారు. నువ్వు చివర ఉండిపోవడానికి మర్యాద ఒక్కటే కారణం కాకపోవచ్చు. నా విషయంలో అయితే అది భయమే.

రెండో ఏడాది నా ముందు చక్రం ముందున్న అమ్మాయి వెనక చక్రానికి పక్క నుంచి తగిలింది. అలా తగిలినప్పుడు పడేది ఎప్పుడూ వెనకవాళ్ళే, ఆమెకు తెలియను కూడా తెలియలేదు. కాలర్ బోన్ (మెడ కింద, భుజం దగ్గరి ఎముక) విరిగి మూడు నెలలు సైకిలు ముట్టుకోలేదు. తిరిగి వచ్చాక గుంపు దగ్గరికి వెళ్ళగానే చేతులు వణికేవి. అప్పుడు ఒక సీనియర్ అక్క నన్ను గడ్డి మైదానానికి తీసుకువెళ్ళింది. నడక వేగంతో పక్కపక్కనే తొక్కుతూ మొదట మోచేతులు, తర్వాత భుజాలు తగిలించుకున్నాము. ఆ తర్వాత ఆమె వెనక చక్రానికి నా ముందు చక్రాన్ని కావాలనే మెల్లగా ఆనించడం నేర్పింది. గడ్డి మీద పదిసార్లు పడ్డాను, ఏమీ కాలేదు. చక్రం తగిలితే కంగారుగా హ్యాండిల్ తిప్పకుండా సైకిలును నిటారుగా ఎలా నిలపాలో చేతులకు అప్పుడు తెలిసింది. నెల రోజులు వారానికి రెండుసార్లు చేశాను.

ఇంకొకటి: ముందువాళ్ళ చక్రం వైపే చూస్తూ తొక్కవద్దు. వాళ్ళ నడుము మీదుగా, ఇంకా ముందున్న ఇద్దరు ముగ్గురి భుజాలు చూడు. బ్రేకు పడేముందు భుజాలు కదులుతాయి. నీ ముందు చక్రం ఎప్పుడూ ముందువారి వెనక చక్రాన్ని పక్కగా దాటి లోపలికి పోకూడదు. వీటిలో ఏదీ ఒంటరిగా వచ్చేది కాదు, కాబట్టి ముందు ఒక్క తోడునైనా వెతుక్కో.

జవాబు 5 – పాత చక్రం (గుంటూరు)

ఈ అమ్మాయి చెప్పింది నేను చెప్పినదానికంటే ముందు చదవవలసిన మాట. దానికి తోడు పక్కగాలి గురించి ఒకటి కలుపుతాను. జూన్, జూలైలలో పడమటి గాలి వీస్తున్నప్పుడు నువ్వు బ్యారేజీ మీద సీతానగరం వైపు పోతుంటే గాలి కుడి భుజానికి కొడుతుంది. అప్పుడు గాలి తగలని నీడ ముందువాడి వెనక సూటిగా ఉండదు, కొంచెం ఎడమవైపు వెనకగా ఉంటుంది. బ్యారేజీ మీద వాహనాల మధ్య దాన్ని సాధన చేయవద్దు, అక్కడ గాలి ఎటు నుంచి వస్తోందో గమనిస్తే చాలు. ఆదివారం తెల్లవారుజామున రాజధాని ప్రాంతంలోని వెడల్పాటి రోడ్ల మీద తోడుతో కలిసి చేసి చూడు.

వంతులు వేసుకుని తొక్కడం ఎంత దూరం తీసుకుపోతుందో తెలియాలంటే 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఓడర్‌లో మన కుర్రాళ్ళు జూనియర్ ట్రాక్ సైక్లింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో టీమ్ స్ప్రింట్ బంగారు పతకం గెలిచిన సంగతి గుర్తు చేసుకో. ఆ పోటీలో ముగ్గురు ఒకరి వెనక ఒకరు బయలుదేరతారు. మొదటి రౌండు లాగినవాడు తప్పుకుంటాడు, రెండో రౌండు తర్వాత రెండోవాడు తప్పుకుంటాడు, మూడోవాడు ఒక్కడే ముగిస్తాడు. మొదటి ఇద్దరూ గాలిని మోసి మూడోవాడి కాళ్ళలో శక్తిని దాచి తెచ్చే ఆ పద్ధతిలోనే ఈసో ఆల్బెన్, రొనాల్డో సింగ్ లాంటి కుర్రాళ్ళు ప్రపంచ విజేతలయ్యారు.

ప్రశ్న అడిగినవారు – కరకట్ట సైకిలు (విజయవాడ)

అన్నగారికీ, అక్కకూ, అమ్మగారికీ కృతజ్ఞతలు. ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. అక్క చెప్పింది నిజం, నేను భయపడే చివర ఉన్నాను, మర్యాద అని నాకు నేనే చెప్పుకున్నాను. తాడేపల్లిలో ఇద్దరు తోడు దొరికారు. ఒకరు నాకంటే పదేళ్ళు పెద్ద, ఉద్యోగం చేస్తారు. కాలేజీ మైదానంలో భుజాలు తగిలించుకోవడం, చక్రం ఆనించడం వారానికి రెండుసార్లు చేశాము. నాలుగుసార్లు పడ్డాను, రెండో వారం తర్వాత పడలేదు. అన్నగారి అనుమానం కూడా సరైనదే, నేను 13 పళ్ళ గేరులోనే మలుపులు తిరుగుతున్నాను.

గత ఆదివారం మూడో మాస్ స్టార్ట్ తొక్కాను, మళ్ళీ ఏడు యూటర్నులే. మొదటి రెండింటి దగ్గర అలవాటు కొద్దీ వెనకబడ్డాను గానీ, మూడో దాని నుంచి ప్రతి మలుపుకూ మొదటి పదిమందిలో ఉన్నాను. ఏడో మలుపు ఆరోవాడిగా తిరిగాను, బయటపడ్డాక లేచి నాలుగు తొక్కులు తొక్కితే చాలింది. చివరి 300 మీటర్లలో ఎడమవైపు డబ్బాలో పడినట్టు ఇరుక్కుపోయాను, కాళ్ళలో శక్తి ఉన్నా బయటికి దారి దొరకలేదు. గుంపుతోపాటే 14వ వాడిగా గీత దాటాను. స్ప్రింట్‌లో ఎవరి చక్రం పట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఇప్పుడు అడగవలసి ఉంది. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాక వేరే ప్రశ్నగా అడుగుతాను.