సాక్ అనలిస్ట్ ఉద్యోగానికి నలభై దరఖాస్తులు పంపినా ఒక్క పిలుపూ లేదు

నిద్రలేనివాడు:
రాత్రి ఏడింటికి రెజ్యూమే ముందేసుకుని కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట దాటింది, మార్చడం ఇది ఆరోసారి. సాక్ (సైబర్ దాడులను కనిపెట్టే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్)లో ఎల్1, అంటే మొదటి మెట్టు, ఉద్యోగాలకు మూడు నెలల్లో నలభైకి పైగా దరఖాస్తులు పంపితే ఒక్క ఫోనూ రాలేదు. అమీర్‌పేటలో కోర్సు చేశాను, సీఈహెచ్ (ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్) పాసయ్యాను, ఒక కాలేజీ వెబ్‌సైట్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (డేటాబేస్‌కు దొంగ ఆదేశాలు పంపే వీలిచ్చేది) పట్టుకున్న సంగతిని ప్రాజెక్టుగా రాశాను. ఫ్రెషర్లు కావాలంటూనే అనుభవం అడిగేవారిని ఎలా ఒప్పించాలి? ఇంకో సర్టిఫికెట్ చేయమని మాత్రం దయచేసి చెప్పకండి.

సెక్షన్43:
ముందు ఆ వెబ్‌సైట్ సంగతి తేలాలి. కాలేజీవారు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారా? ఇవ్వకపోతే మీరు రాసుకున్నది ప్రాజెక్టు కాదు, నేరాంగీకారం. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి వెళ్తే 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టవలసి రావచ్చు. అదే పని మోసబుద్ధితో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, క్లయింట్ల లాగ్‌లన్నీ (కంప్యూటర్లలో జరిగినదంతా నమోదయ్యే రికార్డులు) మీ చేతిలో పెట్టవలసిన మేనేజరు ఆ వాక్యం చదివి జంకుతాడు. సాధన కోసమే లోపాలతో తయారుచేసిన జ్యూస్ షాప్, డీవీడబ్ల్యూఏ లాంటి సైట్లు ఉండగా పరాయి ఇళ్ల తాళాలు కదిపి చూడటం ఎందుకు?

పొడిమాట:
ఇప్పుడేం చేస్తున్నారు?

పాత ఆడిటర్:
అసలు అందరూ సైబర్ సెక్యూరిటీనే ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ అనుకోవడంలోనే చిక్కు ఉంది. సమాచారం కాగితం మీద ఉన్నా, ఉద్యోగి నోట్లో ఉన్నా దాని గోప్యత, సమగ్రత, లభ్యత కాపాడటమే రెండోది. సమాచార భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 27001 ఆడిట్‌లో బీరువా తాళాల గురించి కూడా అడుగుతాం. మీరు దాడి చేసే విద్య నేర్చుకుని కాపలా ఉద్యోగం అడుగుతున్నారు.

సెక్షన్43:
ఆడిటర్ గారూ, ఉద్యోగ ప్రకటనలు రాసే హెచ్ఆర్‌వారికి ఆ తేడా ఏమీ పట్టదండీ.

నిద్రలేనివాడు:
పొడిమాట గారూ, రెండేళ్లుగా ఒక కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో ఉన్నాను. పాస్‌వర్డ్‌లు రీసెట్ చేయడం, లాకైన ఖాతాలు తెరవడం తప్ప అందులో సెక్యూరిటీ ఏమీ లేదు కాబట్టి రెజ్యూమేలోంచి తీసేశాను.

పొడిమాట:
అదే పైన రాయాలి.

నైట్ షిఫ్ట్:
ఆయన ఒక్క ముక్కలో తేల్చారు గానీ ఇందులో చాలా ఉంది. ఖాతా లాకైనప్పుడు డొమైన్ కంట్రోలర్‌లో (విండోస్ నెట్‌వర్క్‌లో లాగిన్లు చూసే సర్వర్) 4740 నంబరు ఈవెంట్ నమోదవుతుంది, ఏ యంత్రం వల్ల లాకయ్యిందో అందులో ఉంటుంది. ఒకే మనిషి ఖాతా పదేపదే లాకవుతుంటే అతని ఫోన్‌లో పాత పాస్‌వర్డ్ మిగిలిపోయి ఉండవచ్చు. అదే ఒక్కచోటి నుంచి యాభై ఖాతాల మీద తలా ఒకటి రెండు విఫల ప్రయత్నాలు కనిపిస్తే ఎవరో ఒకే పాస్‌వర్డ్‌ను అందరి మీదా పరీక్షిస్తున్నారని అనుమానించాలి. ఈ రెంటినీ వేరుచేసి, ఎందుకలా అనుకున్నారో టికెట్‌లో అర్థమయ్యేలా రాయడమే ఎల్1 పని, అదీ చాలాసార్లు తెల్లవారుజామున మూడింటికి. మీరు తెరిచిన ఖాతాల్లో కారణం వెతికి పట్టుకున్నవి రెండు మూడు గుర్తుచేసుకుని రాయండి. ఇంట్లో రెండు వర్చువల్ మెషీన్లు (మీ కంప్యూటర్‌లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) పెట్టి, లాగ్‌లను గమనించే, ఉచితంగా దొరికే వాజూ సాఫ్ట్‌వేర్‌తో అదే లాకౌట్‌ను మళ్లీ సృష్టించి చూస్తే ఇంటర్వ్యూలో తడబడరు. ఇంతకీ మీ కంపెనీకి సొంత సాక్ ఉందా? ఉంటే బయట నలభై చోట్ల తిరిగేకంటే లోపలే బదిలీ అడగడం తేలిక.

పాత ఆడిటర్:
ఖాతాలు తెరవడం యాక్సెస్ కంట్రోల్ కిందికి వస్తుంది, అంటే అది కూడా ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీయే. నేను చెప్పింది అదే.

సెక్షన్43:
మీరు చెప్పింది బీరువాల గురించి.

నిద్రలేనివాడు:
కాలేజీ వాక్యం తీసేశాను, హెల్ప్‌డెస్క్ చేర్చాను. రేపు ఉదయం షిఫ్ట్ ఉంది, పడుకుంటాను. థాంక్సండీ.

నైట్ షిఫ్ట్:
సొంత సాక్ ఉందో లేదో చెప్పనేలేదు.