నోటికి అలవాటైపోయిన చిన్న అబద్ధాలను ఆపుకోవడం ఎలా?

పెద్ద అబద్ధాలు చెప్పను. ఆలోచించేలోపే నోట్లోంచి జారిపోయే చిన్నవాటితోనే నా తంటా. ఇంకా చెప్పులైనా వేసుకోకుండా ఫోన్లో "బయల్దేరాను, దారిలో ఉన్నాను" అంటాను. రెండు రోజుల క్రితమే చదివిన మెసేజ్‌కి "ఇప్పుడే చూశాను" అని రిప్లై పెడతాను. అన్నిటికన్నా బాధపెట్టేది, "మీ కోసం ప్రార్థన చేస్తాను" అని మాటిచ్చి మర్చిపోవడం. అదీ చర్చి గుమ్మంలో నిలబడి!

బైబిల్లో "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అని ఉండాలనే మత్తయి 5:37, అబద్ధం మాని సత్యమే మాట్లాడమనే ఎఫెసీ 4:25 నోటికొచ్చు. మొదటిదాన్ని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. నాలుగో రోజు నుంచి అది కంటికి ఆనలేదు. తర్వాత మూడు వారాలు రోజూ రాత్రి, ఆ రోజు చెప్పిన అబద్ధాలను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రోజుకి నాలుగైదు తేలాయి. దాదాపు అన్నీ ఫోన్లోనే, అవతలివాళ్లు నొచ్చుకుంటారేమోనన్న భయంతోనే. లెక్క తెలిసింది గానీ సంఖ్య తగ్గలేదు. ప్రార్థన విషయంలో మాత్రం ఇప్పుడు అక్కడికక్కడే వాళ్లతో కలిసి రెండు మాటలు ప్రార్థించేస్తున్నాను. అదొక్కటే పనిచేసింది.

ఉన్నదున్నట్టు చెప్పీ చూశాను. తన పాట ఎలా ఉందని అడిగిన చర్చిలోని ఒక సహోదరితో "శ్రుతి తప్పింది" అన్నాను. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. (ఎఫెసీ 4:15లో సత్యంతో పాటు ప్రేమ కూడా ఉందని తర్వాత గుర్తొచ్చింది.)

ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని 1 యోహాను 1:9 వల్ల తెలుసు, నా ప్రశ్న అది కాదు. ఫోన్ ఎత్తి నోరు తెరిచే ఆ ఒక్క క్షణంలో, అబద్ధం బయటికి రాకముందే, మీరు ఏం చేసి ఆపుకోగలిగారు?