పలుగా, పలుకా?

లంక అబ్బాయి: మా చిన్న మావయ్య నర్సాపురం వైపు డ్రిల్లింగ్ రిగ్గుల మీద కూలీకి వెళ్లేవాడు. లాగింగ్ బండి (బావి లోపలి రాళ్లని పరికరాలతో కొలిచేది) వచ్చినప్పుడల్లా ఒక మాట అనేవాడు: “పలుగు ముందు పలుకును, ... , బంక వెనక పలుకును.” మధ్య ముక్క గుర్తు రావట్లేదు. అసలు మొదటిది పలుగా, పలుకా?

తెలుగు మాస్టారు: పలుకే. “పలుకు ముందు పలుకును” అంటే ఎంత సొగసు! పలుకు అంటే గింజ, ముక్క. అన్నం పలుకుగా ఉందనమూ? ఇక్కడ ఇసుక పలుకు.

మెట్ట మనిషి: సొగసు సరేనండీ, పలుగురాయి ఏమైపోయింది? తెల్లగా మెరిసే క్వార్ట్జ్. డెల్టాలో అంతా ఒండ్రు కదా, మీకు రాయి మొహం తెలీదు.

బోరుబండి: పైన ఒండ్రే, కిలోమీటర్ల లోతున రాయి లేకపోతే మాకు ఉద్యోగం ఎక్కడిది? సోనిక్ టూల్‌ని బావిలోకి దించి శబ్దం వదులుతాం. రాతిలో అడుగు దూరం పోవడానికి ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో గీత వస్తుంది. రంధ్రాల్లేని క్వార్ట్జ్ ఇసుకరాయికి సుమారు 55, నీటికి 189. నూటికి ఇరవై పాళ్లు నీళ్లుంటే, 1956 నాటి వైలీ సూత్రం ప్రకారం, 82. టైము ఎంత తక్కువైతే రాయి అంత ముందు పలికినట్టు, కాబట్టి “పలుగు ముందు” సరిపోయింది. “బంక వెనక” ఇంకా బాగా సరిపోయింది. లోతుకి పోయేకొద్దీ షేలు, అంటే రాయిగా మారిన బంకమట్టి, నొక్కుకుపోయి టైము తగ్గాలి. కేజీ బేసిన్‌లో కొన్నిచోట్ల లోపలి నీరు బయటికి పోయే దారిలేక పీడనం పెరిగి ఉంటుంది, తగ్గాల్సిన టైము అక్కడ పెరుగుతుంది. రిగ్గు మీద టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. బ్లోఅవుట్ (బావిలోంచి గ్యాసు అదుపు తప్పి ఎగదన్నడం) అంటే ఏంటో 1995లో పాశర్లపూడి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

తెలుగు మాస్టారు: మీరు చెప్పింది రాయి సంగతి, అక్షరం సంగతి కాదు. క గ కావడం మనకి కొత్తా? ద్రుతం మీద పరుషం సరళమవుతుంది.

మెట్ట మనిషి: అది పదం మొదట్లో మాస్టారూ. పలుకు నడిబొడ్డున ద్రుతం ఎక్కడినుంచి వచ్చింది?

తెలుగు మాస్టారు: శ్రీనాథుడైతే ఈ రెంటినీ ఒక్క సీసపద్యంలో ఇమిడ్చేసి నవ్వుకునేవాడు. భీమఖండం వీరభద్రారెడ్డి చేతిలో పెట్టిన ఘనుడు!

ద్రాక్షారామం వాసి: ఆయ్! వీరభద్రారెడ్డికిచ్చింది కాశీఖండమండీ. భీమఖండం బెండపూడి అన్నయమంత్రికి. మా ఊరి కావ్యం, ఊరుకోం.

తెలుగు మాస్టారు: సరే, అన్నయమంత్రే. ధార మాత్రం ఒక్కటేగా.

బోరుబండి: ఒకటి చెప్పనా? బావి గోడ కూలి గుల్లగా ఉన్నచోట శబ్దం బలహీనపడుతుంది. రిసీవర్ మొదటి అలని వదిలేసి తర్వాతిదాన్ని పట్టుకుంటుంది, గీత ఒక్కసారిగా ఎగురుతుంది. సైకిల్ స్కిప్ అంటాం. తమ్ముడి చెవిలో జరిగింది అదే అయ్యుంటుంది.

లంక అబ్బాయి: నా చెవులు బానే ఉన్నాయండీ! మధ్య ముక్క చెప్పండి చాలు.

బోరుబండి: సున్నపురాయి అయ్యుంటుంది. కానీ దాని టైము సుమారు 47. అంటే పలుగు కంటే ముందే పలకాలి, వరస తిరగబడుతుంది.

తెలుగు మాస్టారు: పైగా యతి చెడుతుంది. పలుగుకీ బంకకీ ప, బ అని చక్కగా కుదిరింది. మధ్యలో ‘సు’ ఎలా పడుతుంది?

బోరుబండి: యతి కోసం రాతి వేగం మార్చలేను కదండీ.

ద్రాక్షారామం వాసి: పాలరాయి అనండి, యతి కుదురుతుంది.

బోరుబండి: నర్సాపురం కింద పాలరాయి ఎక్కడిదండీ బాబూ?