సొంత స్థలంలో అనుమతి లేని పార్కింగ్: చక్రానికి తాళం వేసే అధికారం అసోసియేషన్‌కు ఉందా?

కూకట్‌పల్లి నివాసి (చర్చ ప్రారంభించినవారు)

మా అపార్ట్‌మెంట్ పక్కనే ఫంక్షన్ హాలు ఉంది. ముహూర్తాల రోజుల్లో పెళ్లికి వచ్చినవారు తమ కార్లను మా సెల్లార్‌లోకి తెచ్చి, ఫ్లాట్ నంబర్లు రాసి ఉన్న గళ్లలోనే నిలిపి, భోజనాలయ్యాక తీరిగ్గా వస్తున్నారు. వాచ్‌మన్ అడ్డుచెబితే ‘ఐదు నిమిషాల్లో తీసేస్తాం’ అంటారు. వీల్ క్లాంపులు (చక్రం తిరగకుండా బిగించే తాళాలు) కొని, బయటి బండికి బిగించి, వెయ్యి రూపాయలు కట్టిన తరువాతే విప్పాలని మా కమిటీలో తీర్మానం ప్రతిపాదించారు. ఇది న్యాయమేనా? చట్టం ఒప్పుకుంటుందా? సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ సభ్యుడు

నా దృష్టిలో ముమ్మాటికీ న్యాయమే. మా నాన్నగారికి ఒక రాత్రి ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి బయలుదేరితే, మా కారుకు అడ్డంగా ఎవరిదో బండి నిలిపి ఉంది. అద్దం మీద ఫోన్ నంబరు లేదు, లోపల మనిషి లేడు. చివరికి ఆటోలో తీసుకువెళ్లాము. లక్షలు పోసి ఫ్లాట్ కొని, నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్న మాకు మా చోటును కాపాడుకునే హక్కు లేదంటే ఎలా? మర్యాదగా చెబితే విననివారికి జేబు ఖాళీ అయితేనే తెలిసివస్తుంది.

మణికొండ సభ్యుడు (కొంతకాలం ఇంగ్లండ్‌లో నివసించినవారు)

మీ నాన్నగారి విషయంలో మీరు పడిన బాధ ఎవరికీ రాకూడదు. అయితే ఆ రాత్రి ఆ బండికి క్లాంపు బిగించి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి: దాని యజమాని పరుగున వచ్చినా, తాళంచెవి ఉన్న మనిషి దొరికేదాకా ఆ బండి అక్కడే ఉండిపోయేది. మనకు కావలసింది బండి అక్కడినుంచి కదలడం. క్లాంపు చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్‌లో చక్రాలకు క్లాంపు వేయడం గురించి స్పష్టంగానే ఉంది. కానీ అది బహిరంగ స్థలంలో 10 గంటలు లేదా అంతకుమించి వదిలేసిన, లేదా నిషేధిత చోట నిలిపిన బండ్లకు సంబంధించినది. ఆ అనుమతి ఇవ్వవలసినది యూనిఫాంలో ఉన్న, ఆ ప్రాంతంపై అధికారం గల పోలీసు అధికారి. అపార్ట్‌మెంట్ కమిటీకి గానీ వాచ్‌మన్‌కు గానీ ఆ సెక్షన్ ఏ అధికారమూ ఇవ్వలేదు. సర్వసభ్య సమావేశపు తీర్మానం సభ్యులను కట్టిపడేస్తుందేమో గానీ, ఆ సంఘంతో సంబంధమే లేని పెళ్లివారిపై జరిమానా వేసే హక్కును పుట్టించలేదు.

ఈ దారిలో చాలా దూరం నడిచి వెనక్కు వచ్చిన దేశం బ్రిటన్. స్కాట్లాండ్ ఉన్నత న్యాయస్థానం 1992లోనే, ప్రైవేటు స్థలంలో బండికి తాళం వేసి డబ్బు అడగడం బలవంతపు వసూలే కాక దొంగతనం కూడా అవుతుందని తేల్చింది. ఇంగ్లండ్ మొదట క్లాంపు వేసేవారికి లైసెన్సులు పెట్టి అదుపు చేయాలని చూసింది. అది చాలక, 2012 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో చట్టపరమైన అధికారం లేకుండా అలా తాళం వేయడాన్ని నేరంగా మార్చింది. నన్ను ఒప్పించిన కారణం ఇది: తప్పు జరిగిందని నిర్ణయించేవాడు, రుసుము ఎంతో చెప్పేవాడు, దాన్ని తీసుకునేవాడు ఒక్కడే అయినప్పుడు, ఎదుటివాడు తన మాట చెప్పుకునేలోపే డబ్బు చేతులు మారిపోతుంది. వాచ్‌మన్ ఫోన్‌కు యూపీఐలో పడిన వెయ్యికి రసీదు ఎవరిస్తారు?

దిల్‌సుఖ్‌నగర్ సభ్యుడు

మీరు సగమే చెప్పారు. క్లాంపులను నిషేధించిన అదే ఇంగ్లండ్ చట్టం, డ్రైవరు ఎవరో తెలియకపోతే రిజిస్టర్డ్ యజమాని నుంచే రుసుము రాబట్టుకునే వీలును స్థల యజమానులకు కల్పించింది. అక్కడి వాహనశాఖ చిరునామా ఇస్తుంది, నోటీసు ఇంటికి వెళుతుంది. ఇంగ్లండ్‌లోని చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల ఉచిత పార్కింగ్ దాటినందుకు వేసిన 85 పౌండ్లు చెల్లుతాయని 2015లో వారి సుప్రీంకోర్టే చెప్పింది. మనకు ఆ ఏర్పాటు ఏది? తాళమూ వద్దు, చిరునామా అందే దారీ లేదంటే, సొంతదారు చేతులు కట్టుకుని నిలబడవలసిందేనా?

మణికొండ సభ్యుడు

ఈ అభ్యంతరం బలమైనదే, దీన్ని నేను తోసిపుచ్చను. అటువంటి ఏర్పాటు మన చట్టంలోనూ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. కానీ అది లేనందువల్ల లేని అధికారం మనకు రాదు. తాళం వేసిన బండి టైరుకో రిమ్ముకో దెబ్బ తగిలితే ఫిర్యాదుదారుడు ఆ బండి యజమాని అవుతాడు, ముద్దాయిలం మనమవుతాము.

కూకట్‌పల్లి వారి ఇబ్బంది సెల్లార్ ర్యాంపు దగ్గర ఆపవలసినది. బండి లోపలికి దిగాక చేసేదంతా గొడవే. ముహూర్తపు రోజుల్లో గేటు మూసి ఉంచి, ఫ్లాట్‌వారు ఫోన్‌లో ఒప్పుకున్న బండినే లోపలికి వదలాలి. రిజిస్టరులో బండి నంబరుతో పాటు మొబైల్ నంబరు రాయించుకోవాలి. తెరిచి ఉన్న ర్యాంపు ఎవరినైనా పిలుస్తుంది. హాలు యాజమాన్యానికి ఫొటోలు, తేదీలతో లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ ప్రతిని ట్రాఫిక్ పోలీసులకు, మున్సిపల్ కార్యాలయానికి ఇవ్వండి, ఎందుకంటే అతిథుల బండ్లకు చోటు చూపవలసినది హాలు నడిపి లాభం పొందుతున్నవారే. గేటుకు అడ్డంగా రోడ్డుమీద ఆపిన బండికైతే 112కు ఫోన్ చేయవచ్చు. అక్కడ పోలీసులకు అధికారం ఉంది.

కూకట్‌పల్లి నివాసి

క్లాంపు తీర్మానాన్ని వాయిదా వేయమని ఈ ఆదివారం కమిటీని కోరతాను. ఒక చిక్కు మాత్రం మిగిలింది: గేటు దగ్గర సాయంత్రాలకు మరో మనిషిని పెట్టాలంటే ఆ జీతం అందరూ సమానంగా భరించాలా, పార్కింగ్ ఉన్న ఫ్లాట్లవారే భరించాలా అన్న దగ్గర మా సభ్యులు ఇప్పటికే రెండుగా చీలిపోయారు. ఇతర అసోసియేషన్లలో ఎలా చేస్తున్నారో తెలిసినవారు చెప్పగలరు.