టార్గెటెడ్ కాంట్రాస్ట్ మన జిల్లాలకి వస్తే కణితులు ముందే దొరుకుతాయా?

నాగావళి:
సీటీలో గడ్డ తేడాగా కనబడాలని మనం ఎక్కించే అయోడిన్ మందుకి, అంటే కాంట్రాస్ట్‌కి, ఇది కేన్సర్, ఇది వాపు అని తేడా తెలీదు. రక్తం ఎటు పోతే అటు పోతుంది, నాళాల్లోంచి కారిన చోటల్లా తెల్లగా చూపిస్తుంది. కణితి కణాల మీదుండే గుర్తు ప్రొటీన్‌ని (రిసెప్టర్) వెతికి పట్టుకునే టార్గెటెడ్ మందుల సంగతి వేరు. ప్రొస్టేట్ కేన్సర్‌లో పీఎస్ఎంఏ ప్రొటీన్‌కి అతుక్కునే రేడియోధార్మిక గాలియం-68 మందునే చూడండి. 2020లో లాన్సెట్‌లో వచ్చిన ప్రోపీఎస్ఎంఏ ట్రయల్‌లో హైరిస్క్ రోగులకి దాని కచ్చితత్వం 92 శాతం. మామూలు సీటీ, బోన్ స్కాన్ రెండూ కలిపితే 65. శ్రీకాకుళం, విజయనగరాల్లో మనం ఇంకా ఆ పాత మందుతోనే ఎందుకు కుస్తీ పడుతున్నాం?

గంటస్తంభం:
గాలియం పీఎస్ఎంఏ కాంట్రాస్ట్ కాదు. ట్రేసర్, అంటే కెమెరా పట్టే కిరణాలు వదిలే మందు. ముందు పేరు సరిచెయ్యండి.

నాగావళి:
రోగికి పేరుతో పనేముంది? నరంలోకి ఎక్కిస్తాం, గడ్డ కనబడుతుంది.

గంటస్తంభం:
పేరులోనే ఉంది అసలు పేచీ. సీటీలో తేడా కనబడాలంటే గడ్డ దగ్గర అయోడిన్ మిల్లీమోలార్లలో పోగవ్వాలి. ఎమ్మారై కాంట్రాస్ట్ గాడోలినియం దాన్లో వెయ్యో వంతు, మైక్రోమోలార్లలో ఉంటే సరిపోతుంది. ట్రేసర్ కిరణాల్ని చూసే పెట్ కెమెరా ఇంకా వెయ్యో వంతు, నానోమోలార్‌నీ, అంతకన్నా తక్కువనీ పట్టేస్తుంది. కణం మీద రిసెప్టర్లు ఉన్నవే కొన్ని. ఒక్కోదానికి ఒక్కో గాడోలినియం తగిలిస్తే ఎమ్మారై తెర మీద ఏమీ మారదు. సరే, నానో కణాల్లో గుత్తులుగా కట్టి పంపుదామంటే సైజు పెరుగుతుంది. నాళం దాటి గడ్డలోకి పోకముందే సగం మందుని కాలేయం, ప్లీహం మింగేస్తాయి. లింఫ్ గ్రంథుల్లో కేన్సర్ పట్టడానికి తెచ్చిన ఐరన్ ఆక్సైడ్ మందు ఫెరుమాక్స్‌ట్రాన్‌కి ఐరోపాలో పెట్టుకున్న అనుమతి దరఖాస్తుని 2007లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. టార్గెటెడ్ సీటీ కాంట్రాస్ట్ అని వాట్సాప్‌లో తిరిగేవన్నీ ఎలకల దగ్గరే ఆగాయి.

అరసవల్లి_ఎండ:
కాలేయానికి ఇచ్చే ప్రైమోవిస్ట్ మాటేటి గురువుగారూ? అది ఎమ్మారై మందే కదా.

గంటస్తంభం:
అది పట్టేది కణితిని కాదు, మంచి కాలేయ కణాన్ని. ఎక్కించిన మందులో సుమారు సగం కాలేయ కణాల్లోకి పోతుంది. 20 నిమిషాలకి కాలేయమంతా తెల్లబడి, వేరేచోట నుంచి పాకిన గడ్డ నల్ల చిల్లులా మిగులుతుంది. చాలా మంచి మందు. కానీ మోతాదు కిలోకి 0.1 మి.లీ. 60 కిలోల మనిషికి 6 మి.లీ. మాత్రమే. మామూలు గాడోలినియం లాగ సెకనుకి 2 మి.లీ. తోస్తే మూడు సెకన్లలో ఖాళీ, ఆర్టీరియల్ ఫేజ్ (మందు ధమనుల్లో ఉండే కాసేపు) చేజారిపోతుంది. సెకనుకి 1 మి.లీ. చొప్పున తొయ్యాలి. పైగా కొందరు సరిగ్గా అప్పుడే ఊపిరి బిగపట్టలేక కదిలిపోతారు. కామెర్ల కొలత బిలిరుబిన్ 3 దాటితే కాలేయమే మందు తాగదు, ఆ 20 నిమిషాల ఎదురుచూపూ దండగే.

బారువ_తీరం:
మీరిద్దరూ విశాఖపట్నం కబుర్లు చెప్తున్నారు. గాలియం-68 సగమైపోవడానికి 68 నిమిషాలు. విశాఖలో తయారుచేసి శ్రీకాకుళం తెచ్చి సూది పొడిచేసరికి రెండున్నర గంటలైతే మిగిలేది ఐదో వంతు.

నాగావళి:
ఫ్లోరిన్-18 అయితే 110 నిమిషాలు. అదే రెండున్నర గంటలకి ఇంకా 39 శాతం ఉంటుంది. జెర్మేనియం నుంచి గాలియం పుట్టించే జనరేటర్ అయితే మోతే అక్కర్లేదు. దాని సగం ఆయుష్షు 271 రోజులు, ఇక్కడే పెట్టుకుని పొద్దున్నే గాలియం పిండుకోవచ్చు. పెట్ లేదంటారా, టెక్నీషియం కట్టిన పీఎస్ఎంఏ ఉంది. సగం ఆయుష్షు 6 గంటలు, గామా కెమెరా చాలు.

గంటస్తంభం:
గామా కెమెరాలో 5 మి.మీ. లింఫ్ గ్రంథి కనబడదు. ప్రొస్టేట్ రక్తపరీక్ష పీఎస్ఏ అప్పుడప్పుడే పెరుగుతున్నవాడికి వెతకాల్సింది సరిగ్గా అదే. ఇంకోటి, టార్గెటెడ్ అనగానే వెలిగిందల్లా కేన్సర్ అయిపోదు. ఫ్లోరిన్ పీఎస్ఎంఏ-1007తో పక్కటెముక మీద చిన్న చుక్క వెలిగితే చాలాసార్లు అది ఏమీ కాదు. పొట్టలో సీలియాక్ గాంగ్లియాన్ అనే నరాల ముడి కూడా వెలుగుతుంది, కొత్తవాళ్ళు దాన్ని లింఫ్ గ్రంథి అని రాసేస్తారు.

కోటబొమ్మాళి:
ఎఫ్‌డీజీ, ఆ చక్కెర ట్రేసర్ అయితే టీబీకీ వెలుగుతాది. మన దగ్గర అదో గొడవ.

బారువ_తీరం:
నా మాట వినండి. ఉన్న మందుని సరిగ్గా వాడుతున్నామా? కాలేయం సీటీకి 60 కిలోల మనిషికి 90 మి.లీ., సెకనుకి 4 మి.లీ. చొప్పున పోవాలి. దానికి మోచేతి మడతలో 18 గానీ 20 గానీ గేజ్ క్యాన్యులా (నరంలో పెట్టే గొట్టం) ఉండాలి. వార్డు నుంచి వచ్చేవాడికి అరచేతి వెనక ఇంకా సన్నటి 22 గేజ్ నీలం క్యాన్యులా ఉంటుంది, నిన్నటిది. దాంట్లో 2 మి.లీ. దాటిస్తే చెయ్యి ఉబ్బుతుంది. 22 సెకన్లలో పోవాల్సిన మందు 45 సెకన్లు పడుతుంది. పెద్ద ధమని అయోర్టాలో తెలుపు 100 యూనిట్లు దాటాక 18 సెకన్లు ఆగి తియ్యాల్సినదాన్ని, ట్రాకింగ్ లేకుండా గడియారం చూసి తీసేస్తారు. ఫిల్మ్ చూస్తే చాలు, తెలిసిపోతుంది. కాలేయంలోకి రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్ లేతగా తెల్లబడి, బయటికి తీసుకుపోయే హెపాటిక్ వెయిన్లు ఇంకా నల్లగా ఉంటే సరైన టైము. రెండూ తెల్లగా ఉంటే బండి వెళ్ళిపోయింది. కాలేయ కేన్సర్ వెలిగేది ఆ కాసేపే.

నాగావళి:
అంటే తప్పంతా టెక్నీషియన్లదా?

బారువ_తీరం:
నేనే టెక్నీషియన్ని బాబూ. క్యాన్యులా మార్చమంటే సిస్టర్ కసురుతుంది, ఆలస్యమైతే డాక్టర్ కసురుతాడు, రిపోర్ట్ తప్పితే అందరూ కలిసి నన్ను పిలుస్తారు. కొత్త మందొచ్చినా ఆ 22 గేజ్‌లోంచే పోవాలి.

నాగావళి:
అసలు కాంట్రాస్టే ఇవ్వనిచోట క్యాన్యులా గొడవెందుకు? కవిటి, సోంపేట, కంచిలి, అంటే కిడ్నీ జబ్బుల ఉద్దానం నుంచి వచ్చిన మనిషికి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.6 కనబడగానే చీటీ మీద 'ప్లెయిన్' అని రాసేస్తారు. ప్లెయిన్ సీటీలో కాలేయం గడ్డ కాలేయం రంగులోనే కలిసిపోతుంది. 'గడ్డ లేదు' అని రిపోర్ట్. ఆర్నెల్ల తరవాత కామెర్లతో వస్తాడు. నేను ట్రేసర్లు అడిగేది అందుకు. మైక్రోగ్రాముల్లో ఇస్తారు, కిడ్నీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

గంటస్తంభం:
ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చుగా! మీ పోరు మందు కోసం కాదు, భయం మీద. అయితే లెక్క చూడండి. 50 ఏళ్ళ మగమనిషికి క్రియాటినిన్ 1.6 అంటే 2021 ఫార్ములాతో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత లెక్క, 52. నిక్షేపంగా అయోడిన్ ఇవ్వచ్చు. అదే మనిషికి 2.8 అయితే 27 దగ్గరికి వస్తుంది. అమెరికా రేడియాలజీ, కిడ్నీ సంఘాలు 2020లో కలిసి ఇచ్చిన మాట ప్రకారం సెలైన్ ఎక్కించి జాగ్రత్తపడాల్సింది ముఖ్యంగా డయాలసిస్ మీద లేని 30 లోపు వాళ్ళకి, హఠాత్తుగా కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి. డయాలసిస్ మీదుండి మూత్రం రానివాడికైతే పాడవడానికి కిడ్నీయే మిగల్లేదు. కాంట్రాస్ట్ ఇచ్చామని అత్యవసరంగా డయాలసిస్ చెయ్యక్కర్లేదు. ఉద్దానం అనగానే ప్లెయిన్ అనడం వైద్యం కాదు.

నాగావళి:
మరి రాసేవాళ్ళకి చెప్పండి ఆ మాట.

బారువ_తీరం:
చెప్పినా రాయరు. సమ్మతి కాగితం మీద సంతకం పెట్టేవాడు కావాలి. మర్నాడు క్రియాటినిన్ 0.3 పెరిగితే, అది జబ్బు వల్లా మందు వల్లా అని ఎవరూ అడగరు, స్కాన్ సెంటర్ మీదకి వస్తారు.

అరసవల్లి_ఎండ:
30 లోపు వాళ్ళకి సెలైన్ ఎంత సేపు?

గంటస్తంభం:
స్కాన్‌కి గంట ముందు మొదలుపెట్టి, తరవాత మూడు నుంచి పన్నెండు గంటలు. గుండె బలహీనంగా ఉన్నవాడికి చూసుకుని ఇవ్వాలి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ రోజే ఆపి, 48 గంటల తరవాత కిడ్నీ పరీక్ష చూశాకే మళ్ళీ మొదలు.

బారువ_తీరం:
మూడు గంటలైనా పడుకోబెట్టడానికి స్కాన్ సెంటర్లో మంచం ఏదండీ? ఉన్నది ఒక బల్ల, దాని మీద తరవాతి పేషెంటు. వాడు సోంపేట బస్సు అందుకోవాలని అప్పటికే చెప్పులేసుకుని ఉంటాడు.