36వ వారం, మొదటిది సిజేరియన్, నాలుగేళ్ల బాబు, ఎదురుగా సంక్రాంతి: ఊరు వెళ్లాలా, ఇక్కడే ఉండాలా?

కూకట్‌పల్లి కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఈ రోజు జనవరి 5, నాకు 36 వారాల 1 రోజు. మొదటి కాన్పు సిజేరియన్, బాబుకి నాలుగేళ్లు దాటాయి, బరువు 16 కిలోలు. నా బ్లడ్ గ్రూప్ ఓ నెగెటివ్, ఆయనది బి పాజిటివ్. 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డది పాజిటివ్ అయితే నా రక్తం దానికి ఎదురుతిరగకుండా వేసేది) వేశారు. షుగర్ కొద్దిగా ఉంది, మందులు లేవు, తిండితోనే అదుపులో పెట్టుకోమన్నారు. బీపీ మామూలే.

మా అత్తగారి ఊరు భీమవరం దగ్గర. 11న కారులో వెళ్లి 16న వచ్చేద్దామని ఇంట్లో అంటున్నారు. వెళ్లకపోతే వాళ్లే ఆరుగురు ఇక్కడికి వస్తారు. పనమ్మాయి 12 నుంచి 18 వరకు సెలవు. పిండివంటలు, బాబుకి భోగిపళ్లు, బంధువులు, అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే. ఇంకో మాట: ఎలాగూ ఆపరేషనే కదా, 14న ఉత్తరాయణ పుణ్యకాలంలో చేయించుకోమని అత్తయ్యగారు గట్టిగా అడుగుతున్నారు. డాక్టరుగారు 39 వారాలు నిండాక అన్నారు. నొప్పులు ముందే మొదలైతే ఎంతసేపు ఆగి బయల్దేరాలి? దయచేసి వివరంగా చెప్పండి.

లేబర్‌రూమ్ సిస్టర్

అమ్మా, ముందు ప్రయాణం సంగతి. వద్దు. కారు కుదుపుకి నొప్పులు వస్తాయని కాదు, ఆ భయం పెట్టుకోకండి. దారిలో నొప్పులు మొదలైతే మీకు కావలసినవి అక్కడ ఉండవు. పాత కుట్టు ఉన్న గర్భసంచికి నొప్పులు వస్తే ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, మీ గ్రూపు రక్తం, ఈ నాలుగూ ఒకేచోట అందుబాటులో ఉండాలి. భీమవరం దాదాపు 400 కిలోమీటర్లు. పండగ ముందు రోజుల్లో విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే వాహనాలు బారులు తీరతాయి. అక్కడ ఇరుక్కుంటే అంబులెన్స్ కూడా మిమ్మల్ని చేరడం కష్టం. ఊళ్లో కోడిపందేల బరుల చుట్టూ ఆ మూడు రోజులూ రోడ్లు ఎలా ఉంటాయో మీవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి పండగే మీ దగ్గరికి రావాలి.

14వ తేదీ ఆపరేషన్ గురించి. మీ లెక్క ప్రకారం 14 నాటికి 37 వారాల 3 రోజులు. 39 వారాలు నిండేది 25న. ఈ పదకొండు రోజుల తేడా చిన్నది కాదు. నొప్పులు రాకుండా, 39 వారాల లోపు, ముందే తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్లలో బిడ్డకి ఊపిరి ఆయాసం ఎక్కువగా కనిపిస్తుంది. కడుపులో ఉన్నంతకాలం ఊపిరితిత్తుల్లో నీరు ఉంటుంది, అది ఆఖరి వారాల్లో, నొప్పుల సమయంలో తగ్గుతూ వస్తుంది. ముందే తీస్తే ఆ నీరు మిగిలిపోయి, బిడ్డ నిమిషానికి 60 సార్లకి మించి ఊపిరి తీయొచ్చు, ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూ) పెట్టాల్సి రావచ్చు. అమ్మ ఒక వార్డులో, బిడ్డ ఇంకో చోట. తల్లికి షుగర్ ఉంటే ఈ ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. అత్తయ్యగారికి ఇలా చెప్పండి: ఉత్తరాయణం 14న ఒక్కరోజుతో అయిపోదు, ఆర్నెల్లు ఉంటుంది. 25 తర్వాత డాక్టరుగారు ఇచ్చిన రెండు మూడు తేదీల్లో ఆవిడనే ముహూర్తం చూడమనండి. ఆవిడ మాటా నిలుస్తుంది, బిడ్డా క్షేమం. బీపీ పెరగడమో, ఉమ్మనీరు తగ్గడమో జరిగి డాక్టరే ముందుగా తీయాలంటే అది వేరే సంగతి, అప్పుడు ముహూర్తం చూడకూడదు.

ఈ వారం చెకప్‌లో అడగాల్సినవి. 12 నుంచి 17 వరకు మా డాక్టరు ఊళ్లో ఉంటారా, లేకపోతే ఆన్ కాల్ ఎవరు, వాళ్ల ఫోన్ నంబరేది? మత్తు డాక్టరు రాత్రిపూట ఆస్పత్రిలోనే ఉంటారా, పిలిస్తే వస్తారా, ఎన్ని నిమిషాల్లో? స్కాన్‌లో మాయ (ప్లాసెంటా) ఎక్కడుంది, పాత కుట్టు మీదకి వచ్చిందా? ఆఖరిది తప్పకుండా అడగండి. మాయ కిందికి ఉంటే మొత్తం ప్లానే మారిపోతుంది.

ఓ నెగెటివ్ కాబట్టి ఇంకో జాగ్రత్త. మీకు ఓ నెగెటివ్ రక్తమే ఎక్కించాలి. అది మన దగ్గర అరుదు, పైగా దాతలు కూడా పండక్కి ఊళ్లకి వెళ్లిపోతారు. ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆ వారం హైదరాబాద్‌లోనే ఉండే ఇద్దరు ఓ నెగెటివ్ దాతల నంబర్లు రాసుకోండి. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు రక్తంతో గ్రూపు చూస్తారు. పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మీకు మళ్లీ యాంటీ-డి పడాలి. అది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే మందు, పండగ రోజు ప్రతి మందుల షాపులోనూ దొరకదు. ఆస్పత్రి ఫార్మసీలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

చక్రం తిప్పే నాన్న

సిస్టర్ గారు చెప్పింది కరెక్ట్. ఇంటి నుంచి ఆస్పత్రికి వెళ్లే ఏర్పాటు గురించి నేను చెప్తాను.

పండగకి హైదరాబాద్ రోడ్లు ఖాళీగానే ఉంటాయి, కానీ క్యాబ్ డ్రైవర్లు చాలామంది ఊళ్లకి వెళ్తారు. అర్ధరాత్రి యాప్‌లో బండి దొరుకుతుందన్న ధీమా వద్దు. బండి తోలేవాళ్లు ఇద్దరు ఉండాలి, మీ ఆయన ఒకరు, పక్క ఫ్లాట్‌లో ఊరెళ్లని వాళ్లు ఇంకొకరు. 12 నుంచి ట్యాంకు సగానికి తగ్గనివ్వొద్దు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మీ కారు వెనక ఎవరైనా బండి అడ్డంగా పెట్టి తాళం పట్టుకుని ఊరెళ్లిపోతే కథ మొదటికొస్తుంది. వాచ్‌మన్‌కి ఇప్పుడే చెప్పండి, మీ కారు గేటు వైపు ముఖం పెట్టి ఉండాలని. సీటు బెల్టు పొట్ట కింద, తొడల మీదుగా. పై బెల్టు రొమ్ముల మధ్య నుంచి, పొట్ట పక్కగా.

ఫైలు: ఎంసీపీ కార్డు (మాతా శిశు రక్షణ కార్డు), స్కాన్లు, బ్లడ్ గ్రూప్ రిపోర్టు, మొదటి ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, ఇద్దరి ఆధార్లు, ఇన్సూరెన్స్ కార్డు, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్‌లో. క్యాష్‌లెస్ ఉంటే ప్రీ-ఆథరైజేషన్ ఫారం ఈ వారమే నింపి ఇచ్చేయండి. సెలవుల్లో ఆ డెస్కులో మనుషులు తక్కువ, అనుమతి ఆలస్యమైతే అడ్వాన్స్ కట్టమంటారు.

నొప్పుల విషయం: అయిదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరండి.

లేబర్‌రూమ్ సిస్టర్

పై సమాధానంలో ఆఖరి మాట ఈ అమ్మాయికి వర్తించదు, దయచేసి అందరూ గమనించండి. ఆ గంట లెక్క ముందు ఆపరేషన్ లేనివాళ్లకి, అదీ మొదటి కాన్పుకి. సిజేరియన్ అయినవాళ్లు గంట ఆగకూడదు. నొప్పి ఒక వరసలో వస్తోందని అర్థమైతే చాలు, ఫోన్ చేసి బయల్దేరడమే.

వరసో కాదో ఎలా తెలుస్తుందంటే, పొట్ట మీద చేయి పెట్టి చూడండి. ముక్కు కొన నొక్కితే ఎంత మెత్తగా ఉంటుందో అంతే ఉంటే తేలికపాటి బిగింపు. గడ్డం అంత గట్టిగా ఉంటే మధ్యస్థం. నుదురులా రాయైపోయి వేలు దిగకపోతే అది గట్టి నొప్పి. ఉత్తుత్తి నొప్పులైతే రెండు గ్లాసుల నీళ్లు తాగి ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే సద్దుమణుగుతాయి. అసలువి తగ్గవు, దగ్గర దగ్గరగా వస్తాయి. పండగ పనిలో నీళ్లు తాగకుండా నిలబడితే సాయంత్రానికి ఉత్తుత్తివి రావచ్చు, కంగారు పడకండి. కానీ అరగంటలో తగ్గకపోతే ఉత్తుత్తివే అని సర్దిచెప్పుకోవద్దు.

నొప్పి లెక్క చూడకుండా వెంటనే వెళ్లాల్సినవి: నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కుట్టు దగ్గర ఆగకుండా నొప్పి, రక్తం, ఉమ్మనీరు పోవడం (టైము, రంగు రాసుకోండి, ప్యాడ్ పెట్టుకోండి, ఆకుపచ్చగా ఉంటే ఇంకా తొందర), తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ రావడం. దారిలో ఏమీ తినకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. కారు లేకపోతే 108.

బిడ్డ కదలికలు. ఇల్లంతా జనం ఉన్న రోజు తల్లి దీన్నే మర్చిపోతుంది. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి, తిన్నాక, గది తలుపు వేసుకుని ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి, చాలామందికి అరగంటలోనే వచ్చేస్తాయి. రాకపోయినా, రోజూ తన్నినట్టు లేదనిపించినా, ఆ రాత్రే ఆస్పత్రికి. "నెలలు నిండాక బిడ్డ కదలిక తగ్గుతుంది" అని పెద్దవాళ్లు అంటారు. అది తప్పు. చోటు తగ్గి కదిలే తీరు మారుతుందేమో గానీ కదలికలు తగ్గకూడదు.

పిండివంటల పిన్ని

ఇక వంటిల్లు. అమ్మాయీ, అరిసెల జోలికి నువ్వు వెళ్లకు. కిలో బియ్యం నానబెట్టి, తడిపిండి పట్టించి, ముప్పావు కిలో బెల్లం పాకం పట్టి, ఒక్కోటి వత్తి నూనెలో వేసి చెక్కల మధ్య నొక్కి తీసేసరికి రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడాలి. పాకం ఉండకట్టే దశ దాటిందా అరిసె గట్టిపడుతుంది, రాలేదా నూనెలో విరిగిపోతుంది. మధ్యలో వదిలేసి కూర్చుంటాననడానికి లేదు. సకినాలు ఇంకా కష్టం, గుడ్డ మీద చుట్లు తిప్పడానికి నేల మీద వంగి కూర్చోవాలి. వచ్చే ఆరుగురిలో చేయి తిరిగినవాళ్లు ఊళ్లోనే 10వ తేదీకల్లా అరిసెలు, జంతికలు చేసి డబ్బాల్లో పట్టుకు రావాలి. అరిసె వారం దాకా నిలవుంటుంది. పూతరేకులు, సున్నుండలు కొనుక్కోండి.

ఇంట్లో చేసేవి మూడే: భోగినాడు పులిహోర, పెద్దపండగనాడు చక్కెర పొంగలి, కనుమనాడు గారెలు. కనుమనాడు మినుము తినాలి కదా, అది మాననక్కర్లేదు. చింతపండు గుజ్జు, పోపు ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెడితే పులిహోర ఇరవై నిమిషాల పని. నువ్వు చేయాల్సిందల్లా కుర్చీలో కూర్చుని చెప్పడం. మంచినీళ్లు, టీ ఫ్లాస్కు, గ్లాసులు హాల్లో బల్ల మీద పెట్టేస్తే "అమ్మాయ్ కాస్త మంచినీళ్లు" అనే పిలుపు సగం తగ్గుతుంది. అంట్లకి ఆ వారం విస్తళ్లు వాడండి. ఆరుగురు పడుకోవడానికి ఇల్లు చాలకపోతే నీ గది మాత్రం ఎవరికీ ఇవ్వద్దు, బాత్రూమ్ ఉన్న గది నీదే.

షుగర్ ఉంది కాబట్టి అరిసె సగం, అదీ భోజనంతో పాటు, ఒట్టి కడుపుతో కాదు. ఆ పూట అన్నం రెండు గరిటెలు తగ్గించి పప్పు, కూర పెంచు. ఉదయం పరగడుపున షుగర్ 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలి. పండగ మూడు రోజులూ చూడటం మానొద్దు. అరిసె మీది నువ్వులకి నొప్పులు వస్తాయని ఎవరైనా అంటే పట్టించుకోకు, చూసుకోవాల్సింది బెల్లం, నూనె. గారెలు మధ్యాహ్నమే తిను. రాత్రి తింటే గుండెల్లో మంట తెల్లారేదాకా నిద్రపోనివ్వదు.

భోగిమంట దూరం నుంచి చూడు, పొగ నీ వైపు రాని పక్కన నిలబడి. పాత ప్లాస్టిక్, టైర్లు వేసే చోటికి అసలు వెళ్లకు. బాబు భోగిపళ్లు హాల్లోనే చక్కగా అవుతాయి. రేగిపళ్లు అరకిలో, నానిన శనగలు గుప్పెడు, చెరకు ముక్కలు, బంతి రేకలు, చిల్లర, అక్షింతలు. వాడిని చిన్న పీట మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టు, అప్పుడు నువ్వు వంగకుండానే మూడుసార్లు తిప్పి తలమీద పోయొచ్చు. కింద పాత దుప్పటి పరిస్తే అయ్యాక నాలుగు కొసలూ పట్టి ఎత్తేయొచ్చు. చిల్లర, శనగలు నేల మీద మిగిలితే పేరంటానికి వచ్చిన చంటిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు, కాలు పడితే నువ్వు జారతావు.

బాబుని ఎత్తుకోవడం ఇప్పటినుంచే మాన్పించు. నువ్వు సోఫాలో కూర్చో, వాడే ఎక్కి పక్కన ఒరగాలి. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు ఎత్తకూడదు, అప్పుడు ఒక్కసారిగా ఆపితే చెల్లో తమ్ముడో వచ్చినందుకే అమ్మ ఎత్తుకోవట్లేదనుకుంటాడు. రాత్రిళ్లు నాన్న దగ్గర పడుకోవడం ఈ వారమే మొదలుపెట్టండి.

కూకట్‌పల్లి కోడలు

అందరికీ చాలా థాంక్స్. అత్తయ్యగారికి సిస్టర్ గారి సమాధానం చదివి వినిపించాం, 25 తర్వాత తేదీలకి ఒప్పుకున్నారు. వాళ్లే 11న బయల్దేరి వస్తారు. ఒక్క సందేహం: మేం ఆస్పత్రిలో ఉన్నప్పుడు బాబుకి జ్వరం వస్తే అత్తయ్యగారు సిరప్ ఎంత వేయాలి?

లేబర్‌రూమ్ సిస్టర్

పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు. 16 కిలోలకి 240. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఒకే పేరుతో 5 ఎంఎల్‌లో 120 లేదా 125 ఉన్న సీసా ఒకటి, 250 ఉన్న సీసా ఇంకొకటి దొరుకుతాయి. 250 సీసా అయితే 4.8 ఎంఎల్. అదే కొలత 125 సీసాతో వేస్తే సగం మందే పడి జ్వరం తగ్గదు, 125కి చెప్పిన కొలత 250తో వేస్తే రెట్టింపు పడుతుంది. కాబట్టి ఇంట్లో ఒక్క రకం సీసానే ఉంచండి. మీ పిల్లల డాక్టరుకి ఆ సీసా చూపించి కొలత ఖాయం చేసుకుని, లేబుల్ మీద పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి, సూది లేని సిరంజిని రబ్బరు బ్యాండుతో దానికే కట్టేయండి. డోసుకీ డోసుకీ కనీసం ఆరు గంటలు, ఇచ్చిన టైము ఫ్రిజ్ తలుపు మీది కాగితంలో రాయమనండి. ఆ కాగితం మీదే 108, పిల్లల డాక్టరు నంబరు, పక్కింటివాళ్ల నంబరు కూడా ఉండాలి.