డీటీపీ షాపుకు, బిడ్డ చదువుకు ఒకటే లాప్‌టాప్: మ్యాక్‌బుక్కా, లినక్సా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అన్నలూ, నాకు ఇక్కడ చిన్న డీటీపీ, జిరాక్స్ షాపుంది. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, అర్జీలు అన్నీ పాత విండోస్ 7 సిస్టంల పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను ఫాంట్స్‌తోనే నడుస్తయి. మా బిడ్డకు బీటెక్ కంప్యూటర్స్‌ల సీటొచ్చింది. వడ్ల పైసలు పడ్డయి, డెబ్బై వేల దాక పెట్టగల్త. బిడ్డ యాపిల్ కంపెనీ మ్యాక్‌బుక్ అంటది. బామ్మర్దేమో మామూలు లాప్‌టాప్ కొని విండోస్ బదులు లినక్స్ వేసుకోండి, దానికి పైసా ఖర్చు లేదంటడు. రాత్రి పూట నేను కూడా దాని మీదనే షాపు పని చేసుకుందామనుకుంటున్న. ఏది తీసుకోవాలె?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

అన్నా, నీ ప్రశ్నల ఆఖరి మాటే గట్టిది. షాపు పని ఆ రెండిట్ల దేన్లనూ అట్లనే నడవదు. పేజ్‌మేకర్ 7 2001ల వచ్చింది, ఇప్పటి మ్యాక్‌ల ఎక్కదు, లినక్స్‌ల నేరుగా నడవదు. అను ఫాంట్స్‌ల కొట్టిన తెలుగు లోపల ఇంగ్లిష్ అక్షరాల జాగల కూసుంటది. ఆ ఫాంట్ లేని సిస్టంల తెరిస్తే పిచ్చిగీతలే. అందుకే పాత సిస్టంను పారేయకు. కాకపోతే విండోస్ 7కు 2020 జనవరిలనే అప్‌డేట్లు బందైనయి, దానికి నెట్ తీగ పీకేసి ఉంచు.

కొత్త పని మాత్రం ఏ సిస్టంల తెరిచినా తెలుగు తెలుగుగనే కనపడే యూనికోడ్‌కు మార్చు. నీకు యాపిల్ అంటే కంపెనీ కంటె ముందు కీబోర్డే యాదికొస్తది కదా? ఏ కీ కొడితే ఏ తెలుగు అక్షరం పడాల్నో చెప్పే ఆ యాపిల్ లేఅవుట్ లినక్స్‌ల కూడ ఉంది, భాషలు కొట్టేందుకు ఉండే ఐబస్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఎం17ఎన్ అనేది జోడిస్తే వస్తది. వేళ్లకు కొత్త అలవాటు అక్కర్లేదు. పేజీ కట్టడానికి స్క్రైబస్ ఉంది. 2024ల వచ్చిన దాని 1.6 వెర్షన్‌ల ఒత్తులు సక్కగ కూసుంటున్నయి. సురన్న, మల్లన్న, రామభద్ర ఫాంట్లు ఉచితమే. ప్రెస్సోళ్లు పేజ్‌మేకర్ ఫైలే కావాలంటే పీడీఎఫ్ ఇచ్చి చూడు.

ఇగ బిడ్డ సంగతి. సీ, జావా, పైథాన్ రెండిట్లనూ ఒక్క తీరే. మ్యాక్ కూడ లినక్స్ లెక్కనే యునిక్స్ అనే పాత సిస్టం వంశమే, కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌ల చాలా కమాండ్లు కలుస్తయి. మ్యాక్ లోపల పునాదిగ ఉండే డార్విన్ కోడ్ చాలావరకు అందరూ చూసేటట్టు బయటనే ఉంది, పైన కండ్లకు కనపడే సొగసుకే తాళం. 2020ల యాపిల్ సొంత చిప్ ఎం1 వచ్చినప్పటి సంది మ్యాక్‌బుక్ ఎయిర్‌ల ఫ్యానే లేదు. సప్పుడుండదు, బ్యాటరీ మస్తు నిలుస్తది. లినక్స్ వాడేటోన్నే గాని, ఇది ఒప్పుకోవాలె. అయితే దాంట్ల ర్యామ్ కొన్ననాడు ఎంతనో పోయేదాకా అంతే. మామూలు లాప్‌టాప్‌లల్ల కూడ కొన్నిట్ల అతికించే ఇస్తున్నరు, ఖాళీ స్లాట్ ఉందా అని షాపుల అడుగు.

మీ బామ్మర్ది మాట సగమే నిజం. పైసలు పోవు గాని పొద్దు పోతది. ఒకనాడు వైఫై, ఒకనాడు మూత పెడితే నిద్రపోయి మళ్ల లేవకపోవుడు. ముందుగాల 8 జీబీ పెన్‌డ్రైవ్‌ల లినక్స్‌ల ఒక రకమైన మింట్ 22 ఎక్కించి, ఇన్‌స్టాల్ చెయ్యకుంటనే నడిపించి చూడు. నచ్చితే 2029 దాక అప్‌డేట్లకు ఢోకా లేదు.

ఇంకో జవాబు (సూర్యాపేట నుంచి)

నేను మ్యాక్ మనిషిని సార్. పరీక్ష ముందురాత్రి డ్రైవర్ కోసం వెతుక్కునే ఓపిక పిల్లలందరికీ ఉండదు, బామ్మర్దులు ఆ టైంకు ఫోనెత్తరు. పైసలకు వెనకాడకపోతే మ్యాకే కొనండి. కాని చవకగ వస్తుందని ఇంటెల్ చిప్ ఉన్న పాతది మాత్రం వద్దు. మ్యాక్‌ను నడిపించే మ్యాక్ ఓఎస్‌ల 26వ వెర్షన్‌తోనే ఇంటెల్ మ్యాక్‌లకు కొత్త వెర్షన్లు ఆఖరు. బాగుచేయించాలంటే ఎంత దూరం పోవాల్నో కొనకముందే కనుక్కోండి.

అడిగినాయన మళ్ల

పెన్‌డ్రైవ్ తీసుకొని షాపుకు పోయిన. చూపించిన లాప్‌టాప్‌ల వైఫై వచ్చింది, సౌండొచ్చింది, మూత పెట్టి తీస్తే లేచింది. బిడ్డ కాసేపు మూతి ముడిచింది గాని, టెర్మినల్‌ల ఏదో కొట్టి నవ్వింది. 16 జీబీది తీసుకున్నం, ఇంకో స్లాట్ ఖాళీగుంది. మిగిలిన పైసలు ఆమె హాస్టల్‌కు. స్క్రైబస్‌ల పత్రిక ఒకటి కట్టిన, "శ్రీరస్తు" సక్కగనే వచ్చింది. షాపుల ఉన్న చిన్న లేజర్ ప్రింటరే లినక్స్‌తోని మాట్లాడుతలేదు. పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని పాత సిస్టం నుంచే తీస్తున్న. మహబూబ్‌నగర్ అన్నా, దీనికేమన్న మందుందా?